కన్యాశుల్కం: పీఠికలోని లెక్క, నాటకంలోని సంఘం - సమాజశాస్త్ర ప్రాథమిక భావనల వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకాన్ని సంఘసంస్కరణ రచనగా, హాస్య నాటకంగా, వ్యావహారిక భాషా విజయంగా విమర్శకులు విస్తృతంగా చర్చించారు. మనుషులు సంఘంలో ఎలా జీవిస్తారు, తాము నమ్మని నియమాలను ఎందుకు నిలబెడతారు అనే ప్రశ్నకు ఈ నాటకం ఇచ్చే సమాధానాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. 1897 నాటి పీఠికలోని వివాహాల లెక్కను, 1909 నాటి రెండవ కూర్పులోని పాత్రల ప్రవర్తనతో కలిపి చదివితే, దురాచారానికి ఆధారం వ్యక్తుల దురాశ ఒక్కటే కాదని, దాన్ని అందరూ కలిసి కాపాడే మర్యాద అనే ముసుగు అంతకంటే బలమైన ఆధారమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ దృష్టికి నాటకంలోనే ఉన్న పరిమితులను కూడా చర్చిస్తుంది.

ముఖ్యపదాలు: గురజాడ, కన్యాశుల్కం, సామాజిక యథార్థం, సామాజిక నియంత్రణ, పాత్ర, మర్యాద, వైధవ్యం.

1. ప్రవేశిక:

సమాజశాస్త్రం తొలి పాఠం ఒక సాధారణ పరిశీలనతో మొదలవుతుంది. మనిషి పుట్టేనాటికే భాష, బంధుత్వం, పెళ్లి పద్ధతి, తప్పొప్పుల కొలతలు సిద్ధంగా ఉంటాయి. అతడు వాటిని ఎంచుకోడు, వాటిలోకి వస్తాడు. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ 1895లో వెలువరించిన సమాజశాస్త్ర పద్ధతి గ్రంథంలో ఇలాంటి వాటిని సామాజిక యథార్థాలుగా గుర్తించాడు. వ్యక్తికి వెలుపల ఉండడం, వ్యక్తిపై ఒత్తిడి తేగలగడం వాటి లక్షణాలు. ఆత్మహత్యపై ఆయన ప్రసిద్ధ అధ్యయనం 1897లో వెలువడింది. పూర్తిగా వ్యక్తిగతంగా కనిపించే చర్య వెనుక కూడా సంఘం ఉంటుందని ఆయన అందులో గణాంకాల సాయంతో నిరూపించదలిచాడు.

అదే 1897లో 'కన్యాశుల్కం' మొదటి కూర్పు అచ్చయింది. నాటకం అంతకు ఐదేళ్ల ముందే, 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది. ఈ రెండు రచనల మధ్య ప్రభావ సంబంధం ఉందని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఒకే కాలంలో ఇద్దరు రచయితలు, ఒకరికొకరు తెలియకుండానే, ఇంటి గడప లోపలి విషయాన్ని లెక్కల ద్వారా సంఘ విషయంగా చూపడానికి పూనుకున్నారన్నది గమనించదగిన అంశం. గురజాడ లెక్కతో ఆగలేదు. లెక్క చెప్పలేనిదాన్ని నాటకానికి అప్పగించాడు. ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి విషయం.

2. పీఠికలోని లెక్క:

మొదటి కూర్పుకు గురజాడ రాసిన ఆంగ్ల పీఠిక ఒక సర్వేను ప్రస్తావిస్తుంది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఆజ్ఞపై విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ల కాలంలో జరిగిన శుల్క వివాహాల పట్టిక తయారైంది. అందులో నమోదైన పెళ్లిళ్లు 1034. అంటే ఏడాదికి సగటున 344. పెళ్లినాటికి ఐదేళ్ల వయసున్న బాలికలు 99 మంది, నాలుగేళ్లవారు 44 మంది, మూడేళ్లవారు 36 మంది, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది వయసువారు ముగ్గురు. ఆ ఏడాది పసికందులకు పలికిన ధర 350 నుంచి 400 రూపాయలు.

ఈ సంఖ్యలను కూడితే ఐదేళ్లు, అంతకు లోపు వయసు వారు 188 మంది అవుతారు. మొత్తంలో ఇది దాదాపు 18 శాతం. ప్రతి ఐదారు పెళ్లిళ్లలో ఒకటి ఇలాంటిదన్నమాట. ఇంత క్రమబద్ధంగా జరిగేదాన్ని ఒకరిద్దరు తండ్రుల పేరాశగా వివరించడం సాధ్యం కాదు. అమెరికన్ సమాజశాస్త్రవేత్త సి. రైట్ మిల్స్ 1959లో చేసిన విభజన ఇక్కడ ఉపకరిస్తుంది. ఒక ఊళ్లో ఒక కుటుంబం పడే బాధ వ్యక్తిగత సమస్య. అదే బాధ వేల కుటుంబాలలో ఒకే రూపంలో కనిపిస్తే అది ప్రజా సమస్య. పట్టిక చేసిన పని ఈ రెండో దృష్టిని సాధ్యం చేయడం.

అయితే పీఠికలో ఆ సంఖ్యల కంటే ముఖ్యమైన మాట మరొకటి ఉంది. శుల్కం పుచ్చుకున్న సంగతిని సంబంధితులు సులభంగా ఒప్పుకోరని గురజాడ అక్కడే సూచించాడు. కాబట్టి 1034 అనేది జరిగిన పెళ్లిళ్ల సంఖ్య కాదు, ఒప్పుకున్న పెళ్లిళ్ల సంఖ్య. ఈ మాటను విమర్శ తగినంతగా పట్టించుకోలేదు. అందరూ చేస్తున్న పనిని, ఎవరూ అడ్డుకోని పనిని చెప్పుకోవడానికి ఎందుకు సిగ్గు? సిగ్గుపడుతూనే ఎందుకు చేస్తారు? పట్టిక ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. నాటకం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

3. కుటుంబం: జమా, ఖర్చు:

కృష్ణరాయపురం అగ్రహారంలోని అగ్నిహోత్రావధానుల ఇల్లు సమాజశాస్త్రం కుటుంబమనే సంస్థకు చెప్పే విధులన్నిటికీ ఒక నమూనా. సంతానాన్ని పెంచడం, ఆస్తిని కాపాడడం, పెళ్లిళ్లు కుదర్చడం, పరువును నిలబెట్టడం అన్నీ ఒకే కప్పు కింద జరుగుతాయి. ఆ ఇంటి జమాఖర్చుల్లో కొడుకు వెంకటేశం ఇంగ్లీషు చదువు ఖర్చు. కూతురి పెళ్లి జమా. పెద్ద కూతురు బుచ్చమ్మను అలాగే ఇచ్చి ఆమె వైధవ్యాన్ని కళ్లారా చూస్తున్న తండ్రి, రెండో కూతురు సుబ్బిని రామచంద్రపురం అగ్రహారపు వృద్ధుడు లుబ్ధావధానులకు 1800 రూపాయలకు కుదురుస్తాడు.

ఆయనను కేవలం క్రూరుడిగా చదవడం సులభం. నాటకం ఆ సౌకర్యాన్ని ఇవ్వదు. ఆయన దృష్టిలో తాను చేసేది అమ్మకం కాదు, సంబంధం. తన చుట్టూ ఉన్నవారు చేసినదే, తన పెద్దకూతురి విషయంలో తాను చేసినదే మళ్లీ చేస్తున్నాడు. కోపం, వాదన, వ్యాజ్యాల మోజు ఉన్న మనిషికి ఈ ఒక్క విషయంలో సందేహం రాకపోవడమే ఆచారపు బలం. ఆచారం అంటే ఆలోచించనక్కరలేని పని.

వెంకమ్మ ప్రతిఘటన మరింత నిశితంగా చూడవలసినది. ఆమె ప్రాణం తీసుకోవడానికైనా సిద్ధపడుతుంది. అయితే ఆమె ఎదిరించేది ముసలి వరుడిని. శుల్కమనే పద్ధతిని కాదు. పెద్దకూతురి గతి రెండోదానికి పట్టకూడదన్న తల్లి ఆవేదన అది. ఆమెకు ఇంట్లో గొంతు ఉంది, నిర్ణయంలో చోటు లేదు. అధికారం ఎవరిదో తేలేది ఎవరు మాట్లాడారన్న దానిని బట్టి కాక, ఎవరి మాట అమలైందన్న దానిని బట్టి అని ఆ ఇంటి దృశ్యం చెబుతుంది.

4. గిరీశం: పాత్రలోని పాత్ర:

తెలుగులో 'పాత్ర' అనే మాట నాటకంలోని మనిషికీ, సమాజశాస్త్రంలో ఒక అంతస్తును బట్టి ఆశించే ప్రవర్తనకూ సమానంగా వర్తిస్తుంది. గిరీశం విషయంలో ఈ శ్లేష సార్థకమవుతుంది. శిష్యుడి ముందు గురువు, అగ్రహారంలో ఇంగ్లీషు చదువుకున్న పెద్దమనిషి, బుచ్చమ్మ ముందు వితంతు వివాహ ప్రచారకుడు, మధురవాణి ముందు రసికుడు, పూటకూళ్లమ్మ ముందు బాకీదారు. ఎర్వింగ్ గాఫ్‌మన్ 1959 నాటి గ్రంథంలో మనుషుల దైనందిన ప్రవర్తనను రంగస్థల పరిభాషలో వివరించాడు. చూసేవారి ముందు ఒక ప్రవర్తన, తెర వెనుక మరొకటి ఉంటాయని, ఆ రెంటినీ వేరుగా ఉంచుకోవడమే పరువు కాపాడుకోవడమని ఆయన వివరణ.

మధురవాణి ఇంట్లో మంచం కింద రామప్ప పంతులు, గిరీశం ఇద్దరూ దాక్కునే దృశ్యం ఈ సిద్ధాంతానికి దశాబ్దాల ముందే దొరికిన దృశ్యరూపం. ఒకరు కొత్త చదువుకు ప్రతినిధి, మరొకరు పల్లెటూరి పలుకుబడికి ప్రతినిధి. గిరీశం రాకతో పంతులుకూ, చీపురు పట్టుకుని వచ్చిన పూటకూళ్లమ్మ నుంచి తప్పించుకోవడానికి గిరీశానికీ మంచం కిందే చోటు. ప్రేక్షకుడు నవ్వుతాడు. ఆ నవ్వులో ఒక గుర్తింపు ఉంది: పాత సంఘానికీ కొత్త సంఘానికీ ముఖాలు వేరు, తెర వెనుక స్థలం ఒకటే.

గిరీశాన్ని మోసగాడిగా తేల్చి ముగించే విమర్శ ఒక అంశాన్ని వదిలేస్తుంది. అతడి మోసం ఎందుకు చెల్లుతుంది? అగ్రహారంలో ఇంగ్లీషు మాటకు విలువ ఉంది, దాని అర్థం తెలిసినవారు లేరు. కోర్టు కాగితాలు చదవగలడన్న ఆశ అగ్నిహోత్రావధానులకు, కొడుకు ప్రయోజకుడవుతాడన్న ఆశ వెంకమ్మకు ఉన్నాయి. గిరీశం నటనకు కావలసిన సగం సామగ్రిని ప్రేక్షకులే సమకూరుస్తున్నారు. అతడు సంఘాన్ని మోసం చేశాడనడం కంటే, సంఘం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న గౌరవాన్ని అతడు పుచ్చుకున్నాడనడం సమంజసం.

5. ఒకే నియమం, వేర్వేరు తీర్పులు:

సామాజిక నియంత్రణ గురించి చెప్పేటప్పుడు శిక్షలను రెండు రకాలుగా విభజించడం పరిపాటి. చట్టం, కోర్టు, పోలీసు ద్వారా అమలయ్యేవి ఒక రకం. నింద, ఎగతాళి, వెలి ద్వారా అమలయ్యేవి మరో రకం. 'కన్యాశుల్కం'లో రెండోదే మొదటిదాని కంటే బలమైనది. అయితే అది అందరిపైనా ఒకే బరువుతో పడదు.

నాటకంలో ముగ్గురు వితంతువులు ఉన్నారు. బుచ్చమ్మ తండ్రి నీడలో ఉంది. మీనాక్షి లుబ్ధావధానుల ఇంట్లో ఉంటూ రామప్ప పంతులుతో సంబంధం నెరపుతుంది. పూటకూళ్లమ్మ తన కష్టంతో, వండిపెట్టి బతుకుతుంది. వైధవ్యం అనే అంతస్తు ముగ్గురికీ ఒకటే. దాని ఫలితాలు మాత్రం ఇంటిని బట్టి, డబ్బును బట్టి, ఆశ్రయాన్ని బట్టి మారాయి. మీనాక్షి సంబంధాన్ని ఊరు గుట్టుగా ఉన్నంత కాలం భరిస్తుంది. దాన్ని పెళ్లిగా మార్చాలంటే మాత్రం దారి లేదు. రహస్యం అనుమతి పొందుతుంది, బహిరంగ ధర్మబద్ధత నిషిద్ధమవుతుంది. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం వచ్చి, 1881లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాక కూడా అగ్రహారంలో పరిస్థితి ఇది. చట్టం హక్కు ఇచ్చింది, పొరుగువారు ఇవ్వలేదు.

అదే రామప్ప పంతులు తన పరువుకు ఏ లోటూ లేకుండా ఊళ్లో తిరుగుతాడు. వ్యవహారాలు చక్కబెట్టే మనిషిగా అందరికీ కావలసినవాడు. నియమం ఉల్లంఘన జరిగినప్పుడు సంఘం వేసే ప్రశ్న 'ఏం జరిగింది' అన్నది కాక, 'ఎవరు చేశారు' అన్నదని ఈ ఇద్దరి స్థితిలోని తేడా తెలియజేస్తుంది.

మధురవాణి స్థానం ఈ వ్యవస్థలో విశిష్టమైనది. ఆమె వృత్తికి సంఘం ఒక పేరు, ఒక ధర, ఒక చోటు ముందే కేటాయించింది. కాపాడుకోవలసిన కుటుంబ పరువు లేకపోవడం వల్లే ఆమె అందరి తెర వెనుకకూ వెళ్లగలుగుతుంది. సంఘాన్ని స్పష్టంగా చూసే చూపు దాని అంచున ఉన్న మనిషికి దక్కింది. ఇది గురజాడ సమాజశాస్త్ర దృష్టిలో అత్యంత విలువైన అంశం.

6. మాయపెళ్లి చెప్పే నిజం:

సుబ్బి పెళ్లి తప్పించడానికి మేనమామ కరటక శాస్త్రి పన్నిన ఉపాయం నాటకానికి ఇరుసు. తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, తాను గుంటూరు శాస్త్రిగా నటిస్తూ, లుబ్ధావధానులకే ఆ 'పిల్ల'ను అమ్ముతాడు. మధురవాణి సహకరిస్తుంది. రామప్ప పంతులు మధ్యవర్తి అవుతాడు. పెళ్లి శాస్త్రోక్తంగా జరుగుతుంది.

హాస్య కల్పనగా మెచ్చుకునే ఈ ఘట్టం లోపల ఒక కఠినమైన పరిశీలన ఉంది. పురోహితుడు, మధ్యవర్తి, వరుడు, ఊరు అందరూ ఉన్నారు. మంత్రం, ధర, తాళి అన్నీ సక్రమంగా ఉన్నాయి. పెళ్లికూతురు మాత్రం లేదు. ఆ లోటు ఎవరికీ తెలియలేదు. కన్యాశుల్కమనే సంస్థకు కన్య అక్కరలేదని, ఆ స్థానంలో ఏ శరీరమైనా సరిపోతుందని ఈ దృశ్యం రుజువు చేస్తుంది. పీఠికలో ఏడాది పిల్లకు 350 రూపాయలు పలికిన చోట జరిగింది కూడా ఇదే. అక్కడ వ్యక్తి లేదు, స్థానం ఉంది, దానికొక ధర ఉంది.

ఇందులో ఇంకొక మెలిక కూడా ఉంది. ఈ పనికి ఒప్పుకున్నందుకు శిష్యుడికి గురువు ఆశ చూపేది తన కూతురిని. ఒక బాలికను కాపాడడానికి మరొక బాలికను బహుమానంగా ప్రకటించడం ఆయనకు అసహజంగా తోచదు. కరటక శాస్త్రి దయగల మనిషి, తెలివైనవాడు. అయినా ఆయన తిరుగుబాటు భాష కూడా ఆచారం ఇచ్చిన భాషే. సుబ్బి తప్పించుకుంది, సుబ్బి నిలబడవలసిన స్థానం అలాగే ఉంది.

7. సౌజన్యారావు, చట్టం పరిమితి:

మాయపెళ్లికూతురు కనిపించకపోవడంతో లుబ్ధావధానులు హత్యానేరంలో చిక్కుకుంటాడు. కథ అగ్రహారం నుంచి న్యాయస్థానానికి మారుతుంది. ఊరి నియంత్రణ స్థానంలో చట్టపు నియంత్రణ ప్రవేశిస్తుంది. సాక్ష్యాలు కొనడం, కేసులు కల్పించడం చూశాక ఈ రెండో వ్యవస్థ కూడా మొదటిదాని మనుషులతోనే నడుస్తున్నదని స్పష్టమవుతుంది.

సౌజన్యారావు నిజాయితీ శంకించరానిది. కాని ఆయన సంఘాన్ని మంచివారు, చెడ్డవారు అనే విభజనతో చూస్తాడు. వేశ్యలను చూడకూడదన్న నియమం పెట్టుకున్న ఆయనకు, నిజం తెలిసిన మనిషి మధురవాణి కావడం, ఆమె పురుషవేషంలో వస్తే తప్ప ఆ నిజం ఆయన గడప దాటి లోపలికి రాలేకపోవడం గురజాడ చేసిన గంభీరమైన వ్యాఖ్య. సంస్కర్త శుచి నియమం కూడా ఒక అగ్రహారమే. వితంతు వివాహమనే సిద్ధాంతంపై ప్రేమతో ఆయన గిరీశాన్ని నమ్మడం దీనికి మరో ముఖం. సూత్రం సరైనదైనంత మాత్రాన దాన్ని పలికే మనిషి సరైనవాడు కాడు.

ముగింపులో బుచ్చమ్మ పూనా వితంతు శరణాలయానికి వెళ్లవలసి వస్తుంది. దీన్ని శుభాంతంగా భావించేవారున్నారు. చదువు, రక్షణ దొరకడం చిన్న విషయం కాదు. అయితే తన భాష, తన వాళ్లు ఉన్న చోట ఆమెకు బతికే వీలు లేదన్న తీర్పు కూడా అందులో ఉంది. తండ్రి ఆమెను ఇచ్చాడు, గిరీశం తీసుకుపోయాడు, సౌజన్యారావు పంపించాడు. మూడు క్రియల్లోనూ కర్త ఆమె కాదు. ఉద్దేశాలలోని తేడాను గుర్తిస్తూనే ఈ సామ్యాన్ని గమనించాలి.

8. నాటకం చూపు చేరని చోటు:

నాటకం పరిమితులను గుర్తించకుండా దాన్ని ఆనాటి తెలుగు సమాజానికి సంపూర్ణ చిత్రంగా బోధించడం సరికాదు. పీఠికలోని పట్టిక బ్రాహ్మణ కుటుంబాలది. నాటకంలోని ప్రధాన సంఘర్షణ కూడా వారిదే. అగ్రహారపు భూములను దున్నినవారు, ఆ ఇళ్లలో పనిచేసినవారు రంగం మీదికి వచ్చేది అసిరిగాడిలా కబురు మోయడానికి, పని చేయడానికి. సారా దుకాణం దృశ్యంలో కులాల, వృత్తుల గోడలు కాసేపు సడలుతాయి. బైరాగి, హెడ్ కానిస్టేబుల్, దుకాణదారు ఒకే చోట చేరి తాత్త్విక చర్చ చేస్తారు. కాని ఆ సమానత్వం మత్తు ఉన్నంత సేపే.

అలాగే, 1034 సంఖ్యలో లెక్కకెక్కిన బాలికలలో ఒక్కరి మాట కూడా పీఠికలో లేదు. ఉండే అవకాశమూ లేదు. నాటకంలో సుబ్బి ఎవరి కోసం ఇంత కథ జరిగిందో ఆ మనిషి. ఆమె దాదాపు మౌనంగానే మిగిలింది. ఇది గురజాడ లోపమా, ఉన్న స్థితికి ప్రతిబింబమా అన్నది వాదించవచ్చు. పరిశోధకుడు ఆ మౌనాన్ని కూడా ఒక ఆధారంగా నమోదు చేయడం మాత్రం అవసరం.

9. ముగింపు:

సాహిత్య పాఠాలపై సమాజశాస్త్ర పదాలను చీటీల్లా అంటించే పద్ధతి నేటి పరిశోధనలో విస్తరిస్తున్నది. గిరీశం 'పాత్ర సంఘర్షణ'కు, మీనాక్షి 'విచలన'కు ఉదాహరణ అని రాస్తే పదం పరిచయమవుతుంది. నాటకం గురించి కొత్తగా ఏమీ తెలియదు. ఆ పదాలు ప్రశ్నలుగా మారినప్పుడే ప్రయోజనం. అలా అడిగినప్పుడు 'కన్యాశుల్కం' ఇచ్చే సమాధానం ఇది: సంఘంలో నియమం నిలబడడానికి నమ్మకం అక్కరలేదు. ఇతరులు నమ్ముతున్నారన్న భావన, బయటపడితే పోయే పరువు, దాని వల్ల ఎవరికో ఒకరికి దక్కే లాభం చాలు. శుల్కం పుచ్చుకుని ఒప్పుకోని తండ్రులు పీఠికలో, మంచం కింద దాక్కున్న పెద్దమనుషులు నాటకంలో ఇదే విషయాన్ని చెబుతున్నారు.

కన్యాశుల్కానికి వ్యతిరేకంగా ఆనంద గజపతి శాసన మండలి ద్వారా చేయించదలిచిన చట్టం రూపుదాల్చలేదు. కాలక్రమంలో ఆ ఆచారమే కనుమరుగైంది. అయితే సొమ్ము దిశ మార్చుకుంది. కట్నం దాని స్థానంలో బలపడింది. 1961లో వచ్చిన వరకట్న నిషేధ చట్టం ఆరు దశాబ్దాలు దాటినా అమలులో ఉంది. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు కూడా నేడు దాన్ని కట్నమని ఒప్పుకోరు. లాంఛనమని, కానుకలని, అమ్మాయి పేరున పెట్టిన ఆస్తి అని అంటారు. గురజాడ పీఠికలో పట్టిక తయారుచేసినవారికి ఎదురైన ఇబ్బంది నేటి సర్వేకారుడికీ ఎదురవుతుంది. నాటకాన్ని గతించిన దురాచారపు చరిత్రగా తరగతి గదిలో బోధించే అధ్యాపకుడు, దాన్ని పరీక్ష కోసం చదివే విద్యార్థి ఈ ఒప్పుకోలు లేని సంఘంలోనే ఉన్నారు. ఆ సంగతిని పాఠంలో భాగం చేసినప్పుడే ఆ నాటకంతో పీఠికలోని లెక్క కలుస్తుంది.